సీసా దీపాల వేసవి

ఆ వేసవిలో మా వీధి వాళ్ళందరం పొద్దున లేవగానే ముందు ఆకాశం వంక చూసేవాళ్ళం. వాన కోసం కాదు, వీధి చివర గాజు ఫ్యాక్టరీ పొగగొట్టం కోసం. పొగ సన్నగా ఉంటే సమ్మె నిలబడి ఉన్నట్టు. నల్లగా, దట్టంగా లేస్తే మనవాడెవడో లోపలికి వెళ్ళాడన్నమాట. అలా లేవదనే ధీమా అందరికీ ఉండేది. అయినా చూసేవాళ్ళం.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. మా మామయ్య ఆ ఫ్యాక్టరీలో ఫర్నేసు మేస్త్రి. పాకంలా కరిగి మరిగే గాజు రంగును నీలం కళ్ళద్దాల్లోంచి ఒక్కసారి చూసి, మంట ఎంత పెంచాలో ఎంత తగ్గించాలో చెప్పేవారు. ఇంట్లో అన్నం మాడినా పట్టని మనిషికి అక్కడి మంట మాత్రం నిద్రలో కూడా గుర్తుండేది. మా ఆయన అదే ఫ్యాక్టరీలో సీసాలు పోసే మిషను మీద పని చేసేవాడు. యూనియన్‌కి కార్యదర్శి కూడా. ఆ వేడిలో నిలబడి పని చేసేవాళ్ళకు మధ్య మధ్య బయటికొచ్చి ఊపిరి పీల్చుకునే వీలు ఇవ్వాలని అడిగి అడిగి, మిషను పక్కనే ఒకతను కుప్పకూలిపోయాక, ఇక అడగడం మానేసి అందరినీ గేటు బయటికి తీసుకొచ్చింది మా ఆయనే.

ఫర్నేసుతో ఒక చిక్కుంది. దాన్ని పొయ్యి ఆర్పినట్టు ఆర్పడానికి వీల్లేదు. లోపలి గాజు గడ్డకడితే గోడల ఇటుకలు చీలిపోతాయి. ఆ తర్వాత మొత్తం పడగొట్టి కొత్తది కట్టుకోవాల్సిందే. అందుకని సమ్మె మొదట్లో యూనియనే ఒప్పుకుని, మామయ్యనీ ఇంకో ఇద్దరినీ లోపలికి పంపేది. సీసా ఒక్కటి కూడా పొయ్యకుండా, చిన్న మంట మాత్రం నిలిపి ఉంచడానికి.

మా అత్తయ్యకు ఊరికే కూర్చోవడం ఒంటికి పడదు. సమ్మె మొదలైన కొత్తలో ఒక రోజు బజారు నుంచి వస్తూనే చెప్పులు కూడా విడవకుండా నన్ను పిలిచింది.

"ఏమే, దీపాల కొట్టువాడి అద్దాల్లో చూశావా? సీసాకి కన్నం పెట్టి, లోపల బల్బు పెట్టి, పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టాడు. అలాంటి సీసాలు మన మంచాల కింద ఎన్ని దొర్లుతున్నాయే!"

నిజమే. మా వీధిలో ప్రతి ఇంట్లోనూ అవే. మెడ వంకరవి, కడుపు ఉబ్బినవి, అడుగు ఒక పక్కకి ఒరిగినవి. అమ్మకానికి పనికిరావని పక్కన పడేస్తే, పనివాళ్ళు ఏళ్ళ తరబడి ఇంటికి తెచ్చుకున్నవి.

"గాజుకి కన్నం ఎలా పెడతాం అత్తయ్యా?"

"గోడకి పెట్టట్లేదూ? అలాగే."

పక్కింటి వడ్రంగి బాబాయి డ్రిల్లు మిషను అరువిచ్చాడు. గాజు కోసం వేరే బిట్టు ఉంటుందట, చిన్న గొట్టంలా, అంచున గరుకుగా. అది కూడా ఎక్కడినుంచో తెచ్చిపెట్టాడు. అత్తయ్య పెరట్లో గోనెపట్టా పరిచి, సీసాను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, గోడకు పెట్టినట్టే గట్టిగా అదిమింది. సీసా టప్‌మని పేలింది. ఇద్దరం కెవ్వుమన్నాం. అదృష్టం, ముక్కలన్నీ పట్టా మీదే పడ్డాయి. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన మామయ్య గుమ్మంలో నిలబడి ఆ ముక్కల్ని చూశారు.

"జీవితమంతా సీసాకి చిల్లు పడకుండా చూడ్డమే నా పని," అన్నారు. "ఇంటికొచ్చేసరికి నా పెళ్ళామే చిల్లులు పెడుతోంది. ఇక నేనెందుకు బతికి?"

"వచ్చి చెప్పొచ్చుగా, ఎగతాళి చేసే బదులు?"

ఆయన కూర్చున్నారు. డ్రిల్లు మిషను ఎప్పుడూ పట్టి ఎరగరు కానీ గాజు తెలుసు. సీసాల్ని ఒక్కొక్కటీ ఎండకు ఎత్తి చూసి, కొన్నింటిని పక్కకి నెట్టేశారు. "వీటిని తొందర తొందరగా చల్లార్చారు. పైకి బాగానే ఉంటాయి, లోపల కోపం ఉంటుంది. ముట్టుకుంటే పేలతాయి." మిగతావాటిలో ఒకదాన్ని తడిగుడ్డ మడత మీద పడుకోబెట్టి, చిల్లు పడాల్సిన చోట మట్టి ముద్దతో చిన్న గట్టు కట్టి, అందులో నీళ్ళు పోశారు. "మిషన్ని మెల్లగా తిప్పు. మొదట కాస్త వాల్చి పట్టు, గాటు పడ్డాక నిటారుగా నిలబెట్టు. బలం చూపించకు. నీళ్ళు ఆరనివ్వకు. ఆరితే గాజు కాలుతుంది, కాలితే చీలుతుంది. చివర్లో ఇంకా మెల్లగా. అవతలికి దిగేటప్పుడే అందరూ తొందరపడతారు."

నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. చాలాసేపటికి మిషను చప్పుడు మారి, బిళ్ళంత గాజు ముక్క సీసాలోకి టింగుమని రాలింది. అత్తయ్య చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. చిల్లు అంచుకి రబ్బరు రింగు తొడిగి, అందులోంచి వైరు పంపి మెడలోంచి పైకి లాగి, హోల్డరు బిగించి బల్బు పెట్టాం. వంకర మెడతో, ఆకుపచ్చ రంగుతో, ఆ సీసా వెలిగింది. వంకరగా ఉందనే దీపాల కొట్టువాడు దాన్ని ముందు తీసుకున్నాడు.

తర్వాత మా పెరడు పెరడులా లేదు. వెనక వీధి టైలరు అక్కతో మొదలుపెట్టి, ఒక్కొక్కళ్ళే మంచాల కింది సీసాలు పట్టుకుని వచ్చారు. సమ్మెలో ఉన్న ఇళ్ళలో పొయ్యి వెలగడానికి ఆ దీపాలు కొంత ఆసరా అయ్యాయి. పెద్ద రోడ్డు మీది కాఫీ హోటలు యజమాని తన వరండా అంతటికీ దీపాలు కావాలన్నాడు. మిగిలినవి మా వీధివాళ్ళే ముచ్చటపడి కొనుక్కున్నారు. ఇంటికొక సీసా దీపం. సమ్మె టెంటుకి కూడా అత్తయ్య ఒకటి ఇచ్చింది. మా ఆయన దాన్ని నడి కర్రకి కట్టి, దాని కింద నిలబడి మాట్లాడేవాడు.

"మీ అమ్మ దీపం లేకపోతే నీ ఉపన్యాసం ఎవడికీ కనపడదురా," అనేవాడు గోళీ. పొట్టిగా, గుండ్రంగా ఉంటాడని ఆ పేరు. మా ఆయనకు చిన్నప్పటి నుంచీ నేస్తం. రోజుకొకసారైనా మా ఇంట్లో తినకపోతే వాడికి తిన్నట్టుండదు.

ఆ రోజులు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటాయి. భయం లేకపోలేదు. అయినా ఇంట్లో అంత నవ్వు అంతకు ముందు నేను వినలేదు.

ఒక మధ్యాహ్నం తండ్రీకొడుకులు భోజనానికి కూర్చున్నారు. మా ఆయన కంచంలోకి చూస్తూ అన్నాడు.

"నాన్నా, రేపటి నుంచి ఫర్నేసు దగ్గరికి కూడా ఎవరూ వెళ్ళొద్దు."

మామయ్య చెయ్యి ఆగింది. "ఎవరు చెప్పారు?"

"కమిటీ."

"కమిటీ అంటే?"

"నేనే అనుకో. మంట ఉన్నంతకాలం ఓనరు ధీమాగా ఉంటాడు. ఆరిపోతుందని భయం పట్టుకుంటే గాని మాటలకి రాడు. భయపడాల్సింది వాడు, మనం కాదు."

"ఓనరెవరో గాజుకి తెలియదురా."

"గాజు సంగతి నాకూ తెలుసు నాన్నా. మనుషుల సంగతి చెప్తున్నాను."

మామయ్య మంచినీళ్ళు తాగి లేచారు. మర్నాడు వెళ్ళలేదు కూడా. కొడుకు మాట విన్నారని వీధంతా మెచ్చుకుంది. "మేస్త్రి పెద్దమనిషిరా, నీ మాట నిలబెట్టాడు," అని గోళీ మా ఆయన భుజం చరిచాడు.

ఆయన స్థానంలో ఆఫీసు గుమాస్తాలు ఎలాగోలా మంట నెట్టుకొస్తున్నారని తెలిసింది. పొగ రోజు రోజుకీ సన్నబడింది. ఇంట్లో మామయ్య డ్రిల్లు మిషను పట్టుకున్నారు. ఆయన చేతిలో ఒక్క సీసా పగల్లేదు. పొద్దుట కూర్చుంటే పొద్దు వాలేదాకా లేచేవారు కాదు. ఎవరైనా పలకరిస్తే ఊఁ అనేవారు. సాయంత్రాలు మాత్రం చెప్పులేసుకుని బయటికి వెళ్ళేవారు. కాళ్ళు పట్టేశాయి, కాస్త నడుస్తున్నారు అనుకున్నాం.

ఒక రోజు పొగ పూర్తిగా ఆగిపోయింది. టెంటులో ఈలలు, కేకలు. "అయిపోయింది వాడి పని! రేపో ఎల్లుండో పిలుస్తాడు!" అంటూ గోళీ మా ఆయన్ని పైకెత్తబోయి, ఎత్తలేక ఇద్దరూ కింద పడ్డారు. ఆ సందడి మా పెరట్లోకి వినిపించింది. మామయ్య మిషను ఆపి విన్నారు. మళ్ళీ ఆన్ చేశారు.

మర్నాడు తెల్లవారుతూనే ఆయన ఖాళీ గోనెసంచి భుజాన వేసుకున్నారు.

"ఎక్కడికి మామయ్యా?"

"సీసాలు అయిపోయాయి కదమ్మా. పాత సామాన్ల కొట్టుకి."

నిజంగానే సీసాలు అయిపోవచ్చాయి. నేను తలూపాను.

ఎండ కాస్త పైకొచ్చింది. అత్తయ్య కడిగిన సీసాల్ని గోడ మీద బోర్లిస్తోంది. ఉన్నట్టుండి ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఏమే, అది పొగా, మబ్బా?"

చూశాను. పొగగొట్టం మీద నల్లటి పొగ, తాడు పేనినట్టు మెలికలు తిరుగుతూ నిటారుగా లేస్తోంది. గుమాస్తాలు నెట్టుకొచ్చిన పొగ కాదది. తెలిసిన చెయ్యి రాజేసిన పొగ. వీధిలో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. అందరూ తల పైకెత్తి చూస్తూ గేటు వైపు నడిచారు. మేమూ చేతుల తడి తుడుచుకోకుండానే నడిచాం.

టెంటు ముందు మా ఆయన బల్ల మీద నిలబడి ఉన్నాడు. ముఖంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు.

"లోపల ఎవరున్నారో నాకు తెలియదు," అన్నాడు. "మనలో ఒకడన్నది మాత్రం ఖాయం. వాడెవడైనా సరే, ఈ రోజు నుంచి వాడితో ఎవరూ మాట్లాడొద్దు. వాడి గడప తొక్కొద్దు. వాడి ఇంటి నుంచి ఏదీ పుచ్చుకోవద్దు, ఏదీ ఇవ్వొద్దు. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి."

అందరి చేతులూ లేచాయి. నా చెయ్యీ లేచింది. నా పక్కన అత్తయ్య చెయ్యి అందరికంటే ముందు లేచింది. గోడ మీద సీసా పెట్టబోయి మర్చిపోయి, అది అలాగే చేతిలో ఉంది.

గోళీ చుట్టూ చూశాడు. "మేస్త్రి ఏడి?"

ఆ ప్రశ్న అందరి మనసులోనూ ఉందని అప్పుడే తెలిసింది.

"నాన్న సీసాలు తేవడానికి వెళ్ళాడు," అన్నాడు మా ఆయన. "పాత సామాన్ల కొట్టుకి. కావాలంటే ఇంట్లోవాళ్ళని అడుగు." నా వైపు చూశాడు. నేను అవునన్నాను. అబద్ధం చెబుతున్నానన్న ఊహ కూడా నాకు రాలేదు. ఆయన నాకు చెప్పింది అదే కదా.

ఎండ నడినెత్తికి వచ్చింది. ఎవరూ ఇంటికి వెళ్ళలేదు. అప్పుడు పెద్ద గేటులోని చిన్న తలుపు తెరుచుకుంది. వంగి, తల కాపాడుకుంటూ, ఒక మనిషి బయటికి వచ్చి నిటారుగా నిలబడ్డాడు.

మా మామయ్య.

కనుబొమలు కాలి ఉన్నాయి. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. భుజాన అదే గోనెసంచి, ఖాళీగా. ఎండకు కళ్ళు చికిలించి, గుంపులో కొడుకుని వెతుక్కుని, చూసి, నవ్వారు. అలవాటైన పని బాగా కుదిరినప్పుడు నవ్వే నవ్వు.

"ఫరవాలేదురా," అన్నారు. "మంట అందుకుంది."

ఎవరైనా అరిస్తే, రాయి విసిరితే కాస్త ఊపిరి ఆడేదేమో. ఎవరూ ఏమీ చెయ్యలేదు. పక్కకు జరిగి దారిచ్చారు. ఆయన ఆ దారిలో, పని దిగి ఇంటికి వెళ్ళే మనిషిలా మామూలుగా నడుచుకుంటూ వెళ్ళిపోయారు. ఎవరి ముఖంలో ఏముందో చూసినట్టు కూడా లేదు.

గోళీ మెల్లగా అన్నాడు. "మనం చేతులెత్తాం కదరా."

"ఎత్తాం," అన్నాడు మా ఆయన. బల్ల దిగాడు.

ఇంటికి వచ్చేసరికి మామయ్య స్నానం చేసి కంచం ముందు కూర్చుని ఉన్నారు. అత్తయ్య వడ్డించింది. మంచినీళ్ళు పెట్టింది. మాట మాత్రం మాట్లాడలేదు. "ఉప్పు తగ్గిందే," అని ఆయనంటే ఉప్పు డబ్బా తెచ్చి పక్కన పెట్టింది. నేను గుడ్లప్పగించి చూస్తున్నానని కనిపెట్టి, వంటింట్లోకి వచ్చాక నాతో అంది. "నేనూ చెయ్యెత్తాను కదే. అన్నం పెట్టనని ఎత్తలేదు. మాట్లాడనని ఎత్తాను."

సాయంత్రానికి మా గుమ్మం ముందు సీసా దీపాలు చేరాయి. ఎవరూ విసరలేదు, పగలగొట్టలేదు. ఒక్కొక్కరే వచ్చి, మెట్టు మీద పెట్టి, వైరు చుట్ట చుట్టి పక్కనే ఉంచి వెళ్ళిపోయారు. మొన్నటిదాకా మా పెరట్లో కూర్చుని కబుర్లు చెప్పినవాళ్ళే. చివరికి గోళీ టెంటు దీపం పట్టుకొచ్చాడు. దాన్ని పెట్టి, ఒక్క క్షణం నిలబడ్డాడు. రోజూ ఆ వేళకి నేను వాడికి టీ ఇచ్చేదాన్ని. వాడు నన్ను చూసి, చూడనట్టు తల తిప్పుకుని వెళ్ళాడు. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

మర్నాడు అత్తయ్య ఆ దీపాలన్నిటినీ బుట్టలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. నేను వెనకే నడిచాను.

"ఇది నా దీపం. నా చేత్తో చిల్లు పెట్టాను," అంది ప్రతి గుమ్మంలోనూ. "మీరు వెలివేసింది ఆయన్ని. నేను మీ పక్కన నిలబడే చెయ్యెత్తాను. చూడలేదా?"

కొందరు తీసుకున్నారు. కొందరు తలుపు తియ్యలేదు. టైలరు అక్క దీపం తీసుకుని అత్తయ్యను కావలించుకుంది. ఆమె ఇంటి వెనక చిన్న గది ఖాళీగా ఉందన్న మాట అప్పుడే చెవిన పడింది. మా ఆయన ఆ సాయంత్రమే అందులో దిగిపోయాడు. నన్ను రమ్మనలేదు. "అక్కడే ఉంటే ఉండు, వస్తే రా. నేను మాత్రం నా నోటితో అన్న మాట మీద నిలబడాలి," అన్నాడు. నేను వెళ్ళాను. సామాన్లు సర్దుతుంటే అత్తయ్యే దిండు గలేబులు మడతపెట్టి ఇచ్చింది.

అయినా పొద్దుటిపూట పాతింటి పెరట్లోనే ఉండేదాన్ని. కాఫీ హోటలు దీపాలు ఇంకా పూర్తి కాలేదు, అవి ఆపితే అందరి పొయ్యీ ఆగుతుంది. మా ఆయన వద్దనలేదు. ఆ గడపలో ఏం జరుగుతోందో అడగనూ లేదు.

మామయ్య రోజూ తెల్లవారుతూనే ఫ్యాక్టరీకి వెళ్ళేవారు, అందరూ చూస్తుండగానే. ఫర్నేసు నిలబడింది కాబట్టి యాజమాన్యం ఎక్కడినుంచో కొత్తవాళ్ళను లారీల్లో దించింది. సీసాలు రావడం మొదలయ్యాయి. టెంటులో జనం పలచబడ్డారు. మొదటి వానలకు టెంటు గుడ్డ చిరిగితే కుట్టడానికి ఎవరూ రాలేదు. ఊపిరి పీల్చుకోవడానికి కాస్త వ్యవధి ఇస్తామని యాజమాన్యం ఒప్పుకుంది. దాన్ని గెలుపనుకోవడానికి అందరూ ఒకరికొకరు సాయం చేసుకుని లోపలికి వెళ్ళిపోయారు. గోళీ కూడా. మా ఆయన్ని మాత్రం గేటు దగ్గర ఆపేశారు.

అప్పటి నుంచి మా ఆయన సరుకుల బండి తోలడానికి వెళ్ళేవాడు. ఇంటికొస్తే ఒకటే మాట. అన్నం తింటూ అదే, చెయ్యి కడుక్కుంటూ అదే.

"నన్ను ఓడించడానికే చేశాడు. కొడుకు బల్లెక్కి మాట్లాడుతుంటే చూడలేకపోయాడు. నా మాట విన్నట్టు నటించి, మంట పూర్తిగా ఆరేదాకా కాచుకుని కూర్చుని, అందరి ముందూ నా పరువు తీశాడు. ఆ నవ్వు చూశావుగా?"

చూశాను. ఆ తలపు ఆయన్ని లోపల్లోపలే తినేస్తోంది. మనిషి సగమైపోయాడు.

ఒక సెలవు రోజు పాతింటి పెరట్లో నేనూ మామయ్యే ఉన్నాం. అత్తయ్య లోపల ఏదో పనిలో ఉంది. వాన వెలిసి ఎండ కాస్తోంది. నేను చిల్లు పెడుతుంటే, ఆయన నా ఎదురుగా కూర్చుని వైర్లు కోస్తున్నారు. ఇంట్లో ఆయనతో మాట్లాడే మనిషిని నేనొక్కదాన్నే. ఎత్తిన చెయ్యి నాదీ ఉంది, కానీ నాకంత నిబ్బరం లేదు. ఎన్నాళ్ళగానో గొంతులో ఉన్న మాట ఆ రోజు బయటికి వచ్చేసింది.

"ఎందుకు వెళ్ళారు మామయ్యా, ఆ రోజు?"

ఆయన కొంచెంసేపు ఆలోచించారు. దాచడానికి కాదు, నిజంగా గుర్తు తెచ్చుకుంటున్నట్టు.

"సాయంత్రాలు వెనక గోడ దగ్గరికి వెళ్ళేవాణ్ణి. చల్లబడుతుంటే ఇటుకలు టక్కు టక్కుమంటాయి. గోడకి చెవి పెడితే వినిపిస్తుంది. మొదట ఎప్పుడో ఒకటి. తర్వాత ఎక్కువయ్యాయి. ఇంటికొచ్చినా చెవిలో అదే. మీరందరూ నవ్వుతుంటే ఆ నవ్వుల్లో కూడా అదే. ఇంకొక్క రోజు ఆగితే పోయేదమ్మా."

"ఫర్నేసు పోతే అందరి బతుకూ పోతుందనే కదా మామయ్యా? అందరూ గెలిచినా వెళ్ళడానికి చోటుండదని. మీ అబ్బాయి కోసం కూడా..."

నేను ఆయనకు మాట అందిస్తున్నాను. ఆయన అవునంటే చాలు, ఆ అవునును మూటగట్టుకుని మా ఆయన దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఆయన నా వంక వింతగా చూశారు.

"అవన్నీ తర్వాత జనం అంటే విన్నాను. నాకేం తెలుసు? ఆ టైములో నేను అవేవీ అనుకోలేదు."

"మరి... ఆయన సంగతి? యూనియన్, సమ్మె, ఆయన మాట..."

"ఎవరు, వాడా?" వైరు ముక్క ఆయన చేతిలో ఆగింది. "నిజం చెప్పమంటావా? వాడు నాకు గుర్తుకే రాలేదమ్మా. లోపల ఉన్నంతసేపూ రాలేదు. బయటికి వచ్చి వాణ్ణి చూశాక, మంట అందుకుందని వాడికి చెప్పాలనిపించింది."

ఇన్నాళ్ళూ ఆ మనిషిని ద్రోహి అన్నవాళ్ళు ఉన్నారు, లోలోపల మంచిపనే చేశాడన్నవాళ్ళూ ఉన్నారు. ఈ మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. కన్నకొడుకు, కట్టుకున్న ఇల్లు, వీధి వీధంతా ఒక పూటకు మనసులోంచి తుడిచిపెట్టుకుపోవడం ఎలా సాధ్యం? ఆ ముఖంలో తప్పు చేశానన్న భావం లేదు, ఒప్పు చేశానన్న గర్వం లేదు. అడిగావు కాబట్టి చెప్పానన్నట్టున్నారు.

మాడు వాసన వచ్చింది. నా చేతిలో మిషను తిరుగుతూనే ఉంది, గట్టులో నీళ్ళు ఎప్పుడో ఆరిపోయాయి. "నీళ్ళు, నీళ్ళు!" అని ఆయనే చెంబు అందుకునేలోగా సీసా నిలువునా చీలింది.

ఈ మాట మా ఆయనకు చెప్పాలా వద్దా అని చాలా తన్నుకులాడాను. తండ్రి తనను ద్వేషించాడంటే ఆ కోపంతోనైనా నిలబడగలడు. గుర్తుకే రాలేదంటే ఏం పట్టుకుని నిలబడతాడు? ఒక సాయంత్రం బండి తోలి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ మళ్ళీ అదే పాట మొదలుపెట్టాడు. "నన్ను ఓడించడానికే..." ఇక నావల్ల కాలేదు.

"కాదు," అన్నాను. "నేను అడిగాను. మీరు ఆయనకు గుర్తుకే రాలేదట."

చెంబు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. నీళ్ళు ఆయన కాళ్ళ మీద పడుతూనే ఉన్నాయి.

"ఏంటి?"

"లోపల ఉన్నంతసేపూ మీరు గుర్తు రాలేదట. బయటికి వచ్చి చూశాకే గుర్తొచ్చారట. మంట అందుకుందని చెప్పాలనిపించిందట."

"అలాగే అన్నాడా? ఆ మాటే?"

"ఆ మాటే."

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. ఏడుస్తాడనుకున్నాను. కాసేపటికి భుజాలు కదలడం మొదలయ్యాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే, నవ్వుతున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, అయినా అది నవ్వే. "నా చిన్నప్పుడు నన్ను బడి దగ్గర దింపడానికి బయల్దేరి, ఫర్నేసు దగ్గరికి తీసుకెళ్ళిపోయాడు ఒకసారి," అన్నాడు. "సాయంత్రం దాకా ఆయనకు తెలియనే లేదు, పక్కన నేనున్నానని." మళ్ళీ నవ్వాడు. తర్వాత ముఖం తుడుచుకుని, తడి కాళ్ళతోనే చెప్పులేసుకున్నాడు.

ఎక్కడికని నేను అడగలేదు. వెనకే నడిచాను.

పాతింటి పెరట్లో మామయ్య పట్టా మీద కూర్చుని సీసాకి చిల్లు పెడుతున్నారు. మా ఆయన గడప దాటి లోపలికి వెళ్ళాడు. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. తను పెట్టిన కట్టుబాటు తనే దాటుతున్నాడని ఆయనకూ తెలుసు. వెళ్ళి తండ్రి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. మామయ్య కళ్ళెత్తి చూశారు. మనిషి పక్క గదిలోంచి వచ్చినంత మామూలుగా, చెంబు వైపు గడ్డం ఊపి అన్నారు.

"నీళ్ళు పొయ్యి."

మా ఆయన పోశాడు. సన్నగా, ధార తెగకుండా.

ఆ మాట విని వంటింటి గుమ్మంలోకి వచ్చిన అత్తయ్య, కొడుకుని చూసి తలుపు పట్టుకుంది. వేసవి నుంచి ఆ మనిషితో ఒక్క మాట మాట్లాడని ఆమె, నోరు విప్పింది.

"కొడుకొచ్చాడయ్యా! ఆ మిషను ఆపరాదూ?"

"ఆగవే," అన్నారు మామయ్య తలెత్తకుండానే. "చిల్లు సగంలో ఉంది."